కుడి రెక్క తెగిన వాలుగ

అక్సాకు నీళ్లంటే భయం. చెరువు సంగతి సరే, బకెట్లో నీళ్లు మరీ అంచుదాకా ఉన్నా ఓ చెంబెడు తీసి పారబోసే రకం. అలాంటి పిల్లకు చేపల ప్రాజెక్టులో ఉద్యోగం వచ్చిందంటే, పైనున్న ఆయనకు కూడా అప్పుడప్పుడు పరాచికాలు తోస్తాయనుకోవాలి. ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో ఉండే వాళ్లమ్మ సంపూర్ణ మాత్రం ఆ ఆర్డరు కాగితాన్ని కళ్లకద్దుకుని, "ప్రార్థన ఊరికే పోతదా?" అని మురిసిపోయింది. ప్రార్థన చేసింది కూతురి ఉద్యోగం కోసం. పడవెక్కాల్సి వస్తుందని ఆమెకు మాత్రం ఏం తెలుసు?

అది రెండువేల ఎనిమిది, వానాకాలం. భద్రాచలం అడవి అంచున పులివాగుకు అడ్డంగా కట్టిన ఓ చిన్న ప్రాజెక్టు ఉంది. కట్ట కింద జాలరుల ఇళ్లు. ఆ ఊరిని రేవుగుంపు అంటారు. అక్కడ వలలో పడ్డ వాలుగ చేప రెక్క కొస నుంచి గోరంత ముక్క కత్తిరించి, స్పిరిట్ సీసాలో వేసి, నంబరు రాసి హైదరాబాద్ పంపడం అక్సా పని. అక్కడి ల్యాబులో మిషన్లు ఆ ముక్కలోని జన్యువుల వరసను అక్షరాలు చదివినట్టు చదువుతాయి. గోదావరి వాలుగ, వైరా వాలుగ, ఈ పులివాగు వాలుగ ఒకటే వంశమా, వేరువేరా అన్నది తేలితే ఏ నీళ్లలో ఎంత పట్టొచ్చో, ఎక్కడ కొన్నాళ్లు వల ఆపాలో చెప్పొచ్చు. అన్ని నీళ్ల చేపల వరసలూ ఒకచోట చేర్చి పెడితే రేపు ఏ బజార్లో ఏ చేప దొరికినా అది ఎక్కడి సొత్తో తెలుస్తుంది. మంచి పనే. పడవ లేకుండా అయ్యే పనైతే ఇంకా మంచిది.

"గుడ్డు మీదున్న చేపను చంపొద్దమ్మా," అని ల్యాబు సారు గట్టిగా చెప్పి పంపాడు. "కుడి రెక్క కొస కత్తిరించి నీళ్లలో వదిలెయ్. మళ్లీ వలలో పడితే ముందే ముక్క తీసిందని గుర్తుంటుంది."

అక్సా అలాగే చేసింది. రేవుగుంపు జంపయ్య పడవ నడిపేవాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. అక్సాకేమో భయమేస్తే మాటలు ఎక్కువవుతాయి. పడవ కాస్త ఒరిగితే చాలు, నోరు ఆగేది కాదు. ఒక పొద్దున పడవ నడినీళ్లలో ఉండగా జంపయ్య అడిగాడు.

"గీ ముక్కతోటి ఏం తెలుస్తది బిడ్డా?"

"అంతా తెలుస్తది కాకా. దీని తల్లి ఏ వరసది, ఏ నీళ్లల్ల పుట్టింది, జాతకం మొత్తం. రెండు ముక్కలు తెచ్చిస్తే రెండూ ఒక్క చేపవేనా కాదా అని గూడ మా మిషను చెప్పేస్తది."

చివరి మాట అబద్ధం. ఆ పరీక్ష వంశం చెబుతుంది తప్ప ఫలానా చేప అని చెప్పదు. కానీ గాలికి పడవ ఊగుతోంది, కింద ఎంత లోతో తెలియదు, అలాంటప్పుడు గొప్పలు కాస్త ధైర్యంగా ఉంటాయి. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా?

జంపయ్య తెడ్డు ఆగింది. అక్సా అప్పుడే వదిలిన చేప తెగిన రెక్కతో వంకరగా ఈదుకుంటూ లోపలికి పోయింది. అతను అటే చూస్తూ ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. మిషను గొప్పతనానికి విస్తుపోయాడనుకుంది అక్సా.

ఆ తర్వాతే ఊరి తీరు మారింది. అదివరకు చాయ్ పోసిన ఆడవాళ్లు ఆమెను చూసి ఇంట్లోకి వెళ్లిపోయేవారు. వల లాగిన మగవాళ్లు ఒక్కో వాలుగనూ తిరగేసి చూసి, మళ్లీ నీళ్లలోకి జారవిడిచేవారు. నిక్షేపంలాంటి చేపలు! ఎందుకని అడిగితే ఎవరూ పలకలేదు. అక్సా గుండెల్లో రాయి పడింది. అడవి అంచు ఊళ్లలో పెట్టె పట్టుకుని తిరిగే కొత్త మనిషిని ఎవరి తరఫు అని అడగరు, అడక్కుండానే అనుకుంటారు. అటు అడవి లోపలున్న అన్నలు పోలీసుల మనిషి అనుకోవచ్చు, ఇటు పోలీసులు వాళ్ల మనిషి అనుకోవచ్చు. థర్మాకోల్ పెట్టె, అందులో సీసాలు, స్పిరిట్ వాసన. అనుమానించడానికి ఇంతకన్నా ఏం కావాలి? మండల కేంద్రంలో కిరాయికున్న గదికి చేరేదాకా ఆమె వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూనే ఉండేది. పొదలో పిట్ట కదిలినా పై ప్రాణాలు పైనే పోయేవి.

సంత రోజున వాన పట్టుకుంది. మధ్యాహ్నం అక్సా కట్ట మీద సీసాలు సర్దుకుంటుంటే జంపయ్య పరుగెత్తుకొచ్చాడు. నెత్తిన తుండు లేదు, చెప్పులు లేవు.

"బిడ్డా, జల్దీ రా. నీ పెట్టె తీస్కొని రా."

"ఏమైంది కాకా?"

"రా ముందు."

జంపయ్య కూతురు స్వరూప కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి నొప్పులు పొద్దుననగా మొదలయ్యాయట, 108 బండికి ఫోను కూడా చేశారట. బండి వాగు అవతలి ఒడ్డుదాకా వస్తుంది, ట్రాక్టరు మీద చప్టా దాటిస్తే చాలు. అంతా సిద్ధమే. కానీ స్వరూప లేవడం లేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. నొప్పి వస్తే పళ్లు బిగిస్తోంది తప్ప మూలగడం కూడా లేదు. వాకిట్లో తల్లి ముత్తమ్మ నెత్తి కొట్టుకుంటోంది. ఆమె ముందు మోదుగాకుల మీద ఓ పెద్ద వాలుగ తల, దాని కింద కాస్త మొండెం ఉన్నాయి. కుడి రెక్క కొస తెగి ఉంది.

అప్పుడు చెప్పాడు జంపయ్య, ఊరు ఇన్నాళ్లూ దాచిన సంగతి.

రేవుగుంపులో ఇంట్లో ప్రాణానికి గండం ఉందనుకుంటే గంగమ్మకు ఒక వాలుగను మొక్కుతారు. బతికున్న చేపను పట్టి, కుడి రెక్క కొస కోసి, ఆ మనిషి పేరు చెప్పి నీళ్లలో వదిలేస్తారు. కోసిన ముక్కను పసుపు గుడ్డలో చుట్టి ఆ మనిషి దండచేతికి కడతారు. గండం దాటేదాకా ఆ చేప నీళ్లలో తిరుగుతూ ఉండాలి. ఎవరి వలలో పడినా వదిలెయ్యాలి. దాన్ని ఎవరైనా కోసుకు తింటే ఇక్కడ ప్రాణం నిలవదు. ఈ మొక్కు సంగతి గండం గడిచేదాకా పరాయివాళ్ల చెవిన పడకూడదు, పడితే మొక్కు చెల్లదు.

"అందుకే నీకు చెప్పలే బిడ్డా. గండంల ఇంటికి పిలిచినంక ఇగ నువ్వు పరాయిదానివి గావు. నువ్వు గూడ కుడిరెక్కే కోస్తుంటివి. ఏది గంగమ్మదో, ఏది నీదో మాకు తెల్వకపాయె. అన్నీ ఇడిసిపెట్టినం. ఊరు ఊరంతా పస్తులుండి ఇడిసిపెట్టినం. పైనీళ్లల్ల వలేసేటోళ్లకు గీ సంగతి ఏం ఎరుక? వాళ్లు పట్టి చేపల బేరగాడు లాలుకు అమ్మిండ్రు. లాలు సంతల కోసి పెట్టిండు. మా ముసల్ది చూసి తెచ్చింది. బిడ్డ ఇన్నది."

అక్సాకు తను కత్తిరించిన రెక్కలన్నీ కళ్లముందు తిరిగాయి. ఇన్నాళ్లూ వాళ్లు తనను చూసి భయపడ్డారు, తను వాళ్లను చూసి భయపడింది. ఆ చేపల్లో ఒకటి ఈ పిల్ల ప్రాణమని ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదు మరి!

"ఇగ నేనెందుకు పోవాలె?" అంది స్వరూప గోడతోనే. గొంతులో ఏడుపు కూడా లేదు. "నా చేపను కోసుకున్నరు. దార్ల సచ్చేదానికన్నా మా అమ్మ కాడ సస్త."

ముత్తమ్మ అక్సా కాళ్ల మీద పడబోయింది. జంపయ్య ఆమెను ఆపి, కూతురి దండకున్న పసుపు గుడ్డ విప్పాడు. లోపల ఎండి ముడుచుకుపోయిన చిన్న ముక్క. దాన్ని అక్సా అరచేతిలో పెట్టాడు.

"రెండు ముక్కలిస్తే ఒకటా కాదా చెప్తదన్నవ్ గదా. గిది మా బిడ్డది. గది సంతది. చూసి చెప్పు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే, అంటే తెలియదని చెబితే, ఈ పిల్ల లేవదు. పొద్దుగూకేలోపు తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు. అబద్ధం చెబితే? రేపు ఏమైనా అయితే? అక్సా ఒంగి వాలుగ రెక్కను చూసింది. తన కత్తెర గాటు తనకు తెలియకపోతుందా అని ఆశ. కోత మానిపోయి ఉంది. ఎవరు కోశారో పైవాడికే తెలియాలి. పెట్టె తెరిచి రెండు సీసాలు తీసింది. పసుపు గుడ్డలోని ముక్కను గోటితో తుంచి ఒకదాంట్లో, సంత చేప రెక్కను కత్తిరించి ఇంకోదాంట్లో వేసింది. మూతలు పెట్టి ఊపింది. వాకిట్లో వెలుగుకు ఎత్తిపట్టి చూసింది. స్పిరిట్‌లో రెండు ముక్కలు. అంతే. అంతకన్నా ఏముంటుంది?

ముత్తమ్మ లేచి వచ్చి సీసాల వంక చూసింది.

"కాదు," అంది అక్సా. "ఇది మీ చేప కాదు. ఇది నేను కోసింది. మీది వేరే. నీళ్లల్లనే ఉంది."

స్వరూప ఇటు తిరిగింది. ముఖం నిండా చెమట. "ఒట్టా అక్కా?"

ఒట్టు వెయ్యకూడదని అమ్మ చిన్నప్పటి నుంచీ చెప్పిన మాట. "ఒట్టు," అంది.

తర్వాతదంతా పరుగే. మంచంతో సహా ట్రాక్టరు మీదికి ఎక్కించారు. స్వరూప అక్సా చెయ్యి వదల్లేదు. అలా పట్టుకునే ట్రాక్టరు తొట్టిలోకి లాగింది. చప్టా మీద వాగు ఎర్రగా పొర్లుతోంది. ట్రాక్టరు వాగులోకి దిగగానే నీళ్లు చక్రాల సగందాకా వచ్చాయి, బండి ఒక పక్కకు జరిగినట్టయింది. అక్సా కళ్లు మూసుకుంది. తను అబద్ధం చెప్పింది, ఈ నీళ్లకు ఆ సంగతి తెలుసు, ఇక్కడే తేల్చుకుంటాయి అనిపించింది. చదువుకున్న పిల్లే. అయినా అనిపించింది. పక్కన స్వరూప నొప్పికి అరుస్తూనే, "భయపడకక్కా, నా చేప ఉంది గదా," అంది.

అవతలి ఒడ్డున 108 ఉంది. ఆ సాయంత్రం భద్రాచలం దవాఖానాలో స్వరూపకు ఆడపిల్ల పుట్టింది. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదని డాక్టరమ్మ కేకలేసింది. తిట్టించుకుంటూ అంత ఆనందించిన మనిషి జంపయ్య ఒక్కడే అయ్యుంటాడు.

ఆ రెండు సీసాలు అక్సా పెట్టెలోనే ఉండిపోయాయి. పారేద్దామనుకుంది, చెయ్యి రాలేదు. చివరికి మిగతా వాటితో పాటు హైదరాబాద్ పంపేసింది. ఆనాటి నుంచి రెక్క కత్తిరించడం మానేసింది, సారుకు నచ్చజెప్పి చేప ఒంటి జిగురును దూదితో తుడిచి పంపడం మొదలుపెట్టింది. పని అయిపోయి ఖమ్మం వచ్చేసినా, ఫోను మోగితే చాలు ఉలిక్కిపడేది. నువ్వు చెప్పింది అబద్ధమని ఎవరో చెప్పబోతున్నట్టు ఉండేది. ఇంట్లో చేపల కూర వండితే ముద్ద దిగేది కాదు. అమ్మ దిష్టి తగిలిందనుకుంది గాని క్రైస్తవులం కదా అని పైకి అనలేదు.

వానలు వెనకబట్టాక సారు ఫోను చేశాడు. సంతోషంగా ఉన్నాడు. పులివాగు వాలుగ గోదావరి వాలుగకు చుట్టమే కాదట, వంశమే వేరట. ఈ నీళ్లలో పోతే ఇంకెక్కడి నుంచీ తెచ్చి నింపలేం. గుడ్డు పెట్టే కాలంలో పైనీళ్లలో వల ఆపించాలి, వెళ్లి జాలరుల సొసైటీ వాళ్లతో మాట్లాడమన్నాడు.

"సార్, చివరి రెండు సీసాలు..."

"ఆ, చూశా. రెండిటి వరసా ఒక్కటే, అక్షరం తేడా లేదు. ఎక్కడివవి?"

అక్సా గోడకు ఆనుకుంది. "అంటే ఒకటే చేపా సార్?"

"అలా ఎట్లా చెప్తామమ్మా? మనం చదివింది తల్లి వరస. ఒకటే చేప కావచ్చు, అక్కచెల్లెళ్లు కావచ్చు, పులివాగులో సగం చేపలకు అదే వరస ఉండొచ్చు. తెలియదు."

కొత్తగూడెం బస్సులో కూర్చున్నంతసేపూ ఆ చివరి మాటే చెవిలో మోగింది. రేవుగుంపు చేరేసరికి ఎండ ఏటవాలుగా ఉంది. కట్ట మీద లాలు ట్రాలీ ఆటో ఆగి ఉంది, అతను చేపల డబ్బాల్లో ఐసు పోసుకుంటున్నాడు. అక్సాను చూడగానే ఊరంతా నవ్వింది. ఆడవాళ్లు చాయ్ పోశారు. ముత్తమ్మ చెయ్యి పట్టి ఇంట్లోకి తీసుకెళ్లింది.

స్వరూప గడపలో కూర్చుని బిడ్డను ఒళ్లో వేసుకుని ఉంది. ఎంత నింపాదిగా ఉందో! అక్సా ఒంగి బిడ్డ చెంప తాకి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒళ్లు కాలిపోతోంది. చిన్న డొక్కలు ఊపిరికి ఊపిరికీ లోపలికి పోతున్నాయి. పెదాలు పాలిపోయాయి.

"ఎప్పటి నుంచి గిట్ల?"

"నిన్నటి సంది. పాలు తాగుతలేదు. పసరు పోసినం, తగ్గుతది."

"తగ్గుడేంది! దవాఖానాకు పోలేదా?"

స్వరూప నవ్వింది. "ఎందుకక్కా? మూడో నెల నిండేదాంక బిడ్డకు గూడ అదే చేప కాపలా. చేప నీళ్లల్ల ఉందని నువ్వే చెప్తివి గదా. ఇగ నాకేం భయం?"

తలుపు చెక్కకు ఆనుకున్న జంపయ్య తలూపాడు. ఆ ఇంట్లో భయపడే మనిషి అక్సా ఒక్కతే. స్వరూపను చప్టా దాటించిన అబద్ధం ఇప్పుడు అదే గడపలో ఆమెను కదలకుండా కూర్చోబెట్టింది. చేప ఉందంటే బిడ్డను తీసుకుపోరు. చచ్చిందంటే ఆనాటిలా గోడవైపు తిరిగి పడుకుంటుంది. అక్సా నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడి ఇక్కడిదాకా తెచ్చుకుంది. ఇప్పుడు ఒక్క మాట బయటికి రావడం లేదు.

"నాకు తెల్వదు," అంది చివరికి.

"ఏంది?"

"చేప ఉందో లేదో నాకు తెల్వదు స్వరూపా. ఆనాడు గూడ తెల్వదు. ఊరికే సీసాలు ఊపిన. నువ్వు లేస్తవని అబద్ధం చెప్పిన. హైదరాబాద్ల గూడ చూపించిన. వాళ్లకు గూడ తెల్వదు. అది నీదే కావచ్చు, కాకపోవచ్చు. మిషను గది చెప్పలేదు."

ముత్తమ్మ అరిచిన అరుపుకు పక్కిళ్లవాళ్లు వచ్చారు. "ఒట్టేస్తివి గదే! నా బిడ్డ నెత్తి మీద ఒట్టేస్తివి గదే!" జంపయ్య ఒక్క అడుగు ముందుకు వేశాడు. కొడతాడనుకుంది అక్సా. కొట్టినా తప్పులేదనుకుని నిలబడింది.

స్వరూప అవేవీ వినడం లేదు. ఒళ్లో బిడ్డ వంక చూస్తోంది. అంతవరకూ ఉన్న నింపాది ముఖంలోంచి జారిపోయింది. బిడ్డ డొక్క మీద అరచెయ్యి పెట్టింది. ఉన్నట్టుండి బిడ్డను ఎత్తుకుని లేచి నిలబడింది.

"నాయనా, బండి! బండి ఏదీ? లాలన్నను ఆగమను!"

ఒంటి మీద కొంగు సర్దుకోకుండానే కట్ట మీదికి పరుగెత్తింది. జంపయ్య ఆమెకన్నా ముందు పరుగెత్తాడు. లాలు చేపల డబ్బాలు కిందికి తోసేశాడు, ఐసు ముక్కలు మట్టిలో దొర్లాయి. జంపయ్య లాలు పక్కన ఎక్కాడు, వెనక ముత్తమ్మ ఎక్కింది, స్వరూప ఎక్కింది. అక్సా ఎక్కవచ్చో కూడదో తెలియక కిందే నిలబడింది. స్వరూప ఆమె చెయ్యి పట్టి లోపలికి లాగింది. గోళ్లు దిగేలా పట్టుకుంది.

ట్రాలీ కట్ట దిగి అడవి దారిలో పడింది. చప్టా కింద వాగు ఇప్పుడు మోకాలిలోతే ఉంది. బిడ్డ ఊపిరి చిన్న ఈల వేసినట్టు వినబడుతోంది. ఆ ఈల ఆగినప్పుడల్లా ముగ్గురూ ఒకేసారి ఒంగి చూస్తున్నారు.

"అక్కా," అంది స్వరూప. ముఖం కాగితంలా తెల్లబోయి ఉంది. "బతుకుతదా?"

ఒక్క అబద్ధం చాలు, ఆ ముఖంలోకి రంగు వస్తుంది. అక్సాకు ఆ సంగతి బాగా తెలుసు.

"తెల్వదు," అంది.

స్వరూప బిడ్డను రొమ్ముకు అదుముకుని, డ్రైవరు వెనక రేకును పిడికిలితో బాదింది.

"జల్దీ పోనియ్యి లాలన్నా. జల్దీ."